చాపకూడును కోడిపోరును

పలనాటి వీరకథయందు రెండు వస్తువులు కలవు. ఒకటి చాప, రెండవది కోడి. చాపమీద బ్రహ్మనాయుడు మాలలను, బ్రాహ్మణులను, వెలమలను, చాకలులను ఒక్క వరుసను కూర్చుండబెట్టి అన్నము పెట్టెనట. కోడిమీద రాజ్యమును పందెమొడ్డి పోగొట్టుకొనెనట. మనము ఆ చాప పేరు చెప్పుకొని గర్వించుచున్నాము. కాళ్లు మాత్రము ఆ కోడి వెంటనే పోవుచున్నవి. ఈ సంగతిని చదువరుల యెదుట నుంచుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. ఇవి కొందరికి కటువుగా తోచవచ్చును. మేమును ఈ సీమలోనే పుట్టి, ఈ కథను వినుచునే పెరిగి, ఈ సీమ బిడ్డలకే పాఠములు చెప్పుకొని బ్రదుకుచున్నవారము. ఇంటివాడు చెప్పిన మాటకు ఇంటివారు అలుగరాదు.

ముందుగా గుడిమాట చెప్పుదము. మాచర్ల పట్టణమున, చంద్రవంక యొడ్డున, లక్ష్మీచెన్నకేశవస్వామి యాలయము కలదు. ఆ చంద్రవంకయే దిగువకు పోయి ఎత్తిపోతల జలపాతమున దుమికి కృష్ణలో కలియుచున్నది. ఆలయమును బ్రహ్మనాయుడు కట్టించెనని సీమవారి నమ్మకము. చెన్నకేశవుడు ఆయన యిలవేల్పు. శిల్పులు చెక్కిన మండపపు రాతికంబములను చూచుచు, ఏటేట చైత్రపూర్ణిమ కల్యాణోత్సవములకు జనము తండోపతండములుగా వచ్చి పోవుచున్నారు. మా చిన్ననాట మా తాతగారు మమ్ము భుజముపై నెక్కించుకొని ఆ కంబములను చూపి, "ఇది రాతిలో వ్రాసిన చదువురా అబ్బాయీ, దీనికి అక్షరములు రానక్కరలేదు" అని చెప్పిన మాట మాకు నేటికిని జ్ఞాపకమున్నది. అక్షరములు వచ్చిన పిదప మాకు వేరొక సంగతి తోచినది. రాతిలోని చదువును అందరును చూచుచున్నారు. ఆ రాళ్లు నిలిపెనన్న మనుష్యుని నడతలోని చదువును మాత్రము చూచువారు అరుదు.

మాచర్లకు తూర్పున, నాగులేటి యొడ్డున, కారెంపూడి కలదు. యుద్ధము జరిగినది అచ్చటనే యందురు. అచ్చట వీరుల గుడి యున్నది. కార్తిక బహుళ అమావాస్య మొదలుకొని అయిదు దినములు రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అను పేర్లతో ఉత్సవము నడచును. వీరాచారమును పాటించు కుటుంబములవారు దూరపు జిల్లాలనుండి సయితము తమ యిండ్లలో కాపాడుకొనుచున్న వీరుల యాయుధములను, కొణతము లనబడువానిని, తెచ్చి గంగధారి మడుగులో స్నానము చేయించి గుడికి చేర్తురు. రాయబారమునాడు అలరాజు కథ. మందపోరునాడు పసుల మందను కాచి నేలకొరిగిన లంకన్న కథ. కోడిపోరునాడు పందెపు కథ. కల్లిపాడునాడు యుద్ధము ముగియును. ఇందొక విశేషమును గమనింపవలెను. బ్రహ్మనాయుడు విష్ణుభక్తుడు, ఆయన పక్షమున పోరాడి కూలిన వీరులు మాత్రము ఇచ్చట లింగరూపమున పూజ లందుకొనుచున్నారు. బ్రదికియుండగా కేశవుని భటులైనవారికి చచ్చిన పిదప శివరూప మిచ్చుటలో పలనాటి సామాన్యజనమునకు ఏ చిక్కును తోచలేదు. చిక్కులు తోచునది పండితులకే.

చచ్చినవానిని మరవకుండుట ఈ నేలకు పాతగుణము. మాచర్లకు చేరువనున్న నాగార్జునకొండయందు క్రీ. శ. 3, 4 శతాబ్దులలో ఇక్ష్వాకురాజు లేలిరి. 1954 మొదలు 1960 వరకు, సాగరపు నీట మునుగకముందు, అచ్చట జరిగిన త్రవ్వకములలో ఛాయాస్తంభములు బయల్పడినవి. అవి యుద్ధమున చచ్చిన భటులకును, సేనానులకును నిలిపిన రాళ్లు. చేతిపనివానికి సయితము అట్టి రాయి దక్కినది. రాజుతో పాటు పనివానికిని గురుతురాయి నిలిపిన నేలమీద, వేయియేండ్లకు పిమ్మట, మాలవాడు సేనాని యయ్యెనన్న కథ పుట్టుటలో వింత యేమున్నది?

కథను తెలియనివారు పలనాటిలో లేరు. అయినను పొరుగుసీమల చదువరులకొరకు సంగ్రహముగా చెప్పుచున్నాము. పండ్రెండవ శతాబ్దపు తుదిపాదమున, 1180 ప్రాంతమున, హైహయవంశపు అనుగురాజు కొడుకుల నడుమ దాయాదిపోరు రేగెను. పెద్దవాడు నలగాముడు గురజాలను, సవతితమ్ముడు మలిదేవుడు మాచర్లను ఏలిరి. గురజాలకు నాయకురాలు నాగమ్మ మంత్రిణి. మాచర్లకు బ్రహ్మనాయుడు మంత్రి. కోడిపందెమున ఓడినవారు ఏడేండ్లు రాజ్యము విడిచిపోవలెనని పణ మొడ్డిరి. మాచర్లవారు ఓడి వెడలిరి. గడువు తీరిన పిదప రాజ్యభాగ మడుగబోయిన అలరాజు విషప్రయోగమున చచ్చెను. తరువాత కారెంపూడి. బ్రహ్మనాయుని కొడుకు బాలచంద్రుడు మొదలుగా ఇరువైపులవారును రాలిపోయిరి. బ్రహ్మనాయుడు తుదకు గుత్తికొండ బిలమున ప్రవేశించెనందురు. ఇందు చరిత్ర యెంత, కల్పన యెంత యని తేల్చుట చరిత్రకారుల పని. మా కిచ్చట కావలసినది ఎనిమిది వందల యేండ్లుగా జనము ఈ కథను దేనికై దాచుకొనిరి యనునది.

దాచుకొన్నది చాపకొరకని మా నమ్మకము. దాయాదులు కొట్టుకొని చచ్చిన కథలు తెలుగుదేశమున కొల్లలు. భారతమే అందుకు చాలును. పలనాటి కథకు తనదైన సొత్తు రెండే. మాలకులమున పుట్టిన కన్నమదాసును బ్రహ్మనాయుడు కొడుకుగా పెంచి, చేతికి ఖడ్గమిచ్చి, సేనను నడుపుమనుట యొకటి. బాలచంద్రుని తోడివారు బ్రాహ్మణ, కుమ్మరి, మంగలి, చాకలి మున్నగు కులములవారై యొక తల్లి బిడ్డలవలె ఒకే కంచమున తినుట రెండవది. ఈ రెంటికిని కలిపి పెట్టిన పేరే చాపకూడు. ఆ కాలముననే, పడమట కల్యాణపురమున, బిజ్జలుని మంత్రి బసవేశ్వరుడు కులభేదమును ధిక్కరించుచుండెను. మాదిగయింటి కొడుకునకు బ్రాహ్మణుని కూతు నిచ్చి వివాహము చేసినందుననే కల్యాణమున కల్లోలము రేగెనని వీరశైవుల కథ. నాయకురాలు నాగమ్మ శివభక్తురాలు, బ్రహ్మనాయుడు విష్ణుభక్తుడు. శైవమందును వైష్ణవమందును కులమును కాదన్న గొంతుక లేచిన దినము లవి. కావున ఇది శైవవైష్ణవ కలహమని చెప్పి తృప్తినొందువారు, ఇరుపక్షములయందును మంచియైన దానిని వదలి చెడుగైన దానినే చరిత్రగా లెక్కించుచున్నారు.

ఈ కథను కాపాడినవా రెవరు? పండితులమని చెప్పుకొను మేము కాము. పదునైదవ శతాబ్దమునాటి క్రీడాభిరామమున ఓరుగంటి వీధిలో పలనాటి వీరకథ పాడుట వర్ణింపబడినది. కావున అప్పటికే అది జనుల నోళ్లలో నుండెను. శ్రీనాథుని పేర ద్విపదకావ్య మొకటి నిలిచినది. అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో దానిని అచ్చువేయించిరి. ఆ కావ్యమందు లేని భాగములెన్నో గాయకుల నోట మిగిలియున్నవి. ఆ గాయకులు వీరవిద్యావంతులు, మాలకులమునుండి వచ్చినవారు. 1974లో జీన్ రోఘేర్ అను అమెరికా పండితుడు పలనాటికి వచ్చి, అలిసెట్టి గాలెయ్య యను విద్యావంతుని నోట కథ నంతయు విని, దానిని ఇంగ్లీషున పెట్టి 1982లో ప్రకటించెను. సముద్రము దాటి వచ్చినవాడు గాయకుని యెదుట కూర్చుండి వినెను. అదే యూరిలోని సంస్కృతపాఠకులము మనము ఆ గాయకుని అరుగుమీదికి రమ్మంటిమా? మేము సంస్కృతమును ఇంగ్లీషును చదివినవారము. ఆ సిగ్గులో మా పాలు మాకున్నది.

ఇక మా కంటబడిన సంగతి యొకటి చెప్పెదము. ఊరి పేరును బడి పేరును చెప్పము. అది ఏ యూరైనను కావచ్చును. కారెంపూడి తిరునాళ్లు ముగిసిన వారమున మేము తరగతిలో చాపకూడు కథ చెప్పితిమి. బిడ్డలు కన్నార్పక వినిరి. మధ్యాహ్నమున గంట కొట్టగా అందరును పళ్లెములు పట్టుకొని చెట్టుక్రిందికి పోయిరి. వరుస యొకటే, ఎవ్వరును గీత గీయలేదు. అయినను నడుమ నొక బారెడు నేల ఖాళీగా నుండెను. ఆ ఖాళీకి ఇటువైపు ఊరి బిడ్డలు, అటువైపు పల్లె బిడ్డలు. మేము చూచుచుండగా, పల్లె బిడ్డ యొకతె, ఎనిమిదేండ్ల పిల్ల, పళ్లెముతో లేచి ఆ ఖాళీలో వచ్చి కూర్చుండి, మావైపు చూచి, "చాపకూడు, మాస్టారూ" అని నవ్వెను. ప్రక్కనున్న పిల్లవాడు తన పళ్లెమును జానెడు దూరము జరుపుకొనెను. వాడు దుర్మార్గుడు కాడు. అయిదు నిమిషములకు ముందు కన్నమదాసు ఖడ్గము పట్టెనని చెప్పగా చప్పట్లు కొట్టినవాడు వాడే. "ఎందులకు జరిగితివిరా?" అని యడిగితిమి. "మా నాయనమ్మ తిట్టును, సార్" అనెను. ఆ నాయనమ్మ చైత్రపూర్ణిమకు మాచర్ల పోయి చెన్నకేశవుని దర్శించు భక్తురాలని మాకు తెలియును.

ఆ జానెడు దూరమే మా వ్యాసమునకు విషయము. దానిని కొలచుటకు ఏ శాసనమును చాలదు. శాసనములు లేకపోలేదు. 1947లో మదరాసు రాజధానిలో ఆలయప్రవేశపు చట్టము వచ్చెను. 1950 జనవరి 26 మొదలు రాజ్యాంగపు 17వ అధికరణము అంటరానితనమును రద్దుచేసెను. 1955లో దానికి శిక్షలు విధించు చట్టమును, 1989లో అత్యాచారముల నివారణ చట్టమును వచ్చెను. 2001లో సర్వోన్నత న్యాయస్థానము బడిలో వండిన యన్నము పెట్టవలెనని ఉత్తరువు చేసెను. ఇవి యన్నియు మంచివే. ఇవి లేనినాడు ఆ పిల్ల బడిగడపయే తొక్కియుండదు. కాని పళ్లెము జరుపుకొన్న పిల్లవాని నాయనమ్మకు ఏ చట్టము నోటీసు పంపగలదు?

జానెడు దూరమునకే యింత గోల యెందులకందురా? 1985 జూలై 17న కారంచేడున ఆరుగురు మాదిగలు చంపబడిరి. తగవు మంచినీటి చెరువు కడ మొదలాయెను. 1991 ఆగస్టు 6న చుండూరున ఎనిమిదిమంది దళితులు చంపబడిరి. పలనాడు కూడ అప్పుడు చేరియుండిన గుంటూరు జిల్లాలోనిదే ఆ గ్రామము. అచ్చట సినిమాహాలులో కాలు తగిలినదను మాట నుండి కక్ష పెరిగెను. ప్రత్యేక న్యాయస్థానము 2007లో శిక్షలు వేసెను; 2014లో హైకోర్టు వానిని కొట్టివేసెను. నీటికడ జానెడు దూరము, కుర్చీకడ జానెడు దూరము. తుదకు శవముల లెక్క. చిన్నదని వదలిన దూరము చిన్నదిగా నుండిపోదు.

మా మాటలకు నాలుగు ప్రత్యుత్తరములు తరచుగా వినబడుచున్నవి. వానిని దాటవేయము.

మొదటిది: "చాపకూడు కేవలము కథ, దానికి శాసనాధారము చూపుడు" అనునది. మంచిది. ఆ మాట చెప్పువారు కథలోని కోడిపందెమునకును, బాలచంద్రుని పౌరుషమునకును అదే శాసనాధారము నడుగుచున్నారా? పౌరుషము ప్రస్తావింపగా మీసము దువ్వి, చాప ప్రస్తావింపగా చరిత్రపుస్తకము తెరచుట న్యాయము కాదు. కథ యని కొట్టివేసినచో రెంటిని కొట్టివేయుడు. కులదైవపు కథ యని తలకెత్తుకొన్నచో రెంటిని తలకెత్తుకొనుడు.

రెండవది: "ఉత్సవములో సహపంక్తి భోజనము జరుగుచున్నది గదా" అనునది. జరుగుచున్నది. మందపోరునాడు చాపకూడు పేర అందరును కలిసి తినుట కలదు. నాయకులు కూర్చుందురు, ఛాయాచిత్రములు తీయుదురు. మేము దానిని నిందింపము. ఆ యొక్క దినమైనను లేకున్నచో ఇంకను హీనముగా నుండును. కాని సంవత్సరమున నొక్కనాటికి నియమమును సడలించుట తక్కిన దినములలో నియమమును బిగించుకొనుటకు ఉపాయము కాగలదు. పూరీ జగన్నాథుని మహాప్రసాదమును కులభేదము లేక తినవచ్చునన్న ఆచారము శతాబ్దులనుండి ఉన్నది. అట్లు తిన్నవారే యింటికి వచ్చి ఆచారమును యథాప్రకారము నడపుకొనిరి. దేవుని సన్నిధి యని యొక మినహాయింపు. మినహాయింపు పేర మిగిలిన దేశమంతటను పాతరివాజు. చాపకూడు మనకు అట్టి మినహాయింపు కారాదు. బ్రహ్మనాయుడు పండుగకొరకు చాప పరచెనని కథ చెప్పుటలేదు. తనతో బ్రదికి తనతో చావబోవువారికి చాప పరచెనని చెప్పుచున్నది.

మూడవది కొంత బరువైనది: "కలిసి తిన్నంత మాత్రమున కులము పోవునా? పొలము లేనివానికి పొలమును, చదువు లేనివానికి చదువును ఇయ్యక చాప పరచి యేమి లాభము?" అనునది. అంబేద్కరుగారు 1936లో ప్రకటించిన కులనిర్మూలన ప్రసంగమున సహపంక్తి భోజనములు కులమును చంపజాలవని, వర్ణాంతర వివాహమే దానికి మందని, శాస్త్రముల ప్రామాణ్యమును కదల్చక అదియు సాగదని వాదించిరి. ఈ వాదమునకు మేము తల వంచుచున్నాము. కేరళమున 1917 మే 29న చెరాయి గ్రామమున సహోదరన్ అయ్యప్పన్ మిశ్రభోజనము జరిపి స్వకులస్థుల వెలివేతకు గురియయ్యెను. ఆయనను 'పులయన్ అయ్యప్పన్' అని యెగతాళి చేయగా ఆ పేరునే బిరుదుగా ధరించెను. ఆయనయు చాపతో ఆగలేదు. చాప గమ్యస్థానము కాదు, గుమ్మము. గుమ్మము దాటినంత మాత్రమున ఇల్లు మనదికాదు. కాని గుమ్మముకడ పళ్లెము జరుపుకొనువాడు పొలము పంచునని, పిల్ల నిచ్చునని నమ్ముట యెట్లు? భూమి కావలెను, చదువు కావలెను, చాపయు కావలెను. ఒకటి రాలేదని రెండవదానిని ఆపుట సోమరి వాదము.

నాలుగవది: "బ్రహ్మనాయుడు మా కులమువాడు, ఆయన పేరెత్తుటకు మీకేమి హక్కు?" అనునది. ఇది నోటితో స్పష్టముగా చెప్పబడక పోయినను, విగ్రహముల కడను, జెండాల కడను, వీధుల పేర్ల కడను వినబడుచునే యున్నది. ఒక్కొక్క కులము ఒక్కొక్క వీరుని పంచుకొని తమ వాకిట కట్టివేసినది. కులమును దాటినవాని పేరనే కులసంఘము కట్టుటకన్న విపరీత మేమి కలదు? కన్నమదాసును కొడుకనినవాడు తన కులమువారికి మాత్రమే తండ్రియగునా?

ఇక కోడిమాట. ఉత్సవములోని కోడిపోరు పూర్వవృత్తమును జ్ఞప్తికి తెచ్చు తంతు. దానిపై మా దండయాత్ర లేదు. మా దండయాత్ర మనసులోని కోడిపోరుపై. పలనాటి పౌరుషమను మాట సభలలోను పాటలలోను ఇంత మ్రోగుచున్నదే, ఆ పౌరుషము ఊరూర పక్షములుగా చీలి, ఎన్నికల నాడు నాటుబాంబులుగా ప్రేలి, విధవలను మిగిల్చిన దినములు ఈ సీమవారికి తెలియనివి కావు. కథను నిండుగా చదివినవా డెవడును దానిని పౌరుషకావ్యమని చెప్పజాలడు. పందెమాడినవారందరును ఓడిన కథ అది. గెలిచిన పక్షము లేదు. మిగిలిన కొడుకు లేడు. బాలచంద్రుని పెండ్లాము మాంచాలకు దక్కినది వీరపత్ని యను పేరు మాత్రమే. బ్రహ్మనాయుని తప్పు కోడిని పట్టుట. ఒప్పు చాపను పరచుట. ఆయన తప్పును మనము వారసత్వముగా స్వీకరించి, ఒప్పును తిరునాళ్లకు వదలితిమి.

ఈ తప్పునకు నింద మోయువారును మనకు సిద్ధముగా నున్నారు: నాయకురాలు నాగమ్మ. పందెమొడ్డినవారు మగవారు, సేనలు నడిపినవారు మగవారు, దాయభాగమునకై పెనగినవారు మగవారు. యుద్ధము మాత్రము ఆడుదానివలన వచ్చినదట! ఆమె చేసిన కుట్రలను కథ దాచలేదు, మేమును దాచము. అయినను ఆ కాలమున నొక స్త్రీ రాజ్యపు మంత్రిత్వము వహించెనన్న సంగతిలో ఆశ్చర్యపడదగినది ఏమియు లేదా? ఉన్నవ లక్ష్మీనారాయణగారు, మాలపల్లి నవల వ్రాసిన వారే, 1926లో 'నాయకురాలు' అని యామె పేరనే నాటకము రచించిరి. మాలవాడలోని బ్రదుకును నవలకు వస్తువు చేసిన చేయియే నాగమ్మను నాటకమునకు పేరు చేసెను. మనమో, తగవుమారి యాడుదానిని చూచి 'నాయకురాలు' అని తిట్టుచున్నాము. బిరుదును తిట్టుగా మార్చుకొన్న భాష మనది.

అయినచో చేయవలసిన దేమి? కోపము చూపి ఊరకుండుట మా యుద్దేశము కాదు. చిన్నవైనను చేయదగిన పనులు నాలుగు చెప్పెదము.

కారెంపూడి చాపకూడునకు వండువారును వడ్డించువారును పల్లెవారుగా నుండవలెను. కలిసి కూర్చుండుట సులభము. పల్లెవారి చేతి వంట తినుటయందే నిజమైన పరీక్ష యున్నది. ఈ నియమము పెట్టిన నాడు ఎందరు పెద్దలకు ఆ దినము ఉపవాసవ్రతము జ్ఞాపకము వచ్చునో లోకమే చూచును. రెండవది, మాచర్ల చైత్రోత్సవములలో, బ్రహ్మనాయుని యిలవేల్పు సన్నిధినే, ఒక సాయంకాలము వీరవిద్యావంతుల గానమునకు కేటాయింపవలెను. పండితుని పురాణమునకు ఎంత గౌరవమో, శాలువయు సంభావనయు సహా, వారికిని అంతయే గౌరవము జరుగవలెను. మూడవది మా వృత్తివారిది. బడిలో మధ్యాహ్నమున ఉపాధ్యాయుడు వేరుగదిలో తన క్యారియరు విప్పుకొనుట మాని, బిడ్డల వరుసలో, ఆ ఖాళీస్థలములో కూర్చుండి, బిడ్డలు తిను అన్నమే తినవలెను. ఉపదేశములకన్న ఇది యెక్కువ పని చేయును. నాలుగవది ఇంటిది. ఏటికొకమారు ఊరివారి యింటికి పల్లెవారును, పల్లెవారి యింటికి ఊరివారును భోజనమునకు పోవలెను; పిలుచుట మాత్రమే చాలదు, పోవుటయు కావలెను. ఆ రాకపోకలు నిలిచిన పిదప పెండ్లిమాట దానంతటదియే వచ్చును. అప్పుడు అడ్డుపడకుండుట పెద్దల వంతు.

ఈ పనులు మేము చేసి చెప్పుచున్నామా యని అడుగు హక్కు చదువరులకు కలదు. ఆ పిల్ల నవ్విన మరునాటినుండి మేము ఆ ఖాళీలో కూర్చుండి తినుచున్నాము. మొదటి వారమున ఇరువైపుల బిడ్డలును మమ్ము చూచి సిగ్గుపడిరి. తోటి ఉపాధ్యాయులు కొందరు నవ్విరి. ఒకరు వచ్చి ప్రక్కన కూర్చుండిరి. ఇంటికడ మా తల్లిగారు కొన్నాళ్లు మాతో మాటలాడలేదు. పిమ్మట నొకనాడు, "నేడేమి కూర పెట్టినారు నాయనా?" అని యడిగిరి. పళ్లెము జరుపుకొన్న పిల్లవాడు ఇంకను కొన్ని దినములు జరుగుచునే యున్నాడు, కొన్ని దినములు మరచుచున్నాడు. మరచిన దినములు పెరుగుచున్నవి. ఇంతకన్న గొప్ప జయమును మేము చెప్పుకొనజాలము.

2022 ఏప్రిల్ 4న పలనాడు నరసరావుపేట ముఖ్యపట్టణముగా ప్రత్యేక జిల్లా యయ్యెను. పేరు మనకు దక్కినది. ఆ పేరునకు తగిన నడత దక్కినదా యని ఇక మనలను మనమే అడుగుకొనవలెను. బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలమునకు పోవునప్పుడు చాపను తనతో తీసికొనిపోయెనని ఏ గాయకుడును పాడలేదు. అది మనకొరకే వదలి పోయినాడు. రాబోవు కార్తికమున కొణతములను నాగులేటిలో కడుగునప్పుడు, ఆ చాపను గూడ దులిపి మన వాకిట పరతము. మరునాడు చుట్టి అటకపై పెట్టకుందము.